ఒకటిన్నర వోల్టు కాక

ఇవాళ పొద్దున ఒకతను ఆటో దిగి, పాత సీపీయూ ఒకటి చంకలో ఇరికించుకుని మా షాపు మెట్లెక్కాడు. మనిషిని నేనెప్పుడూ చూడలేదు. సీపీయూని మాత్రం చూడగానే గుర్తుపట్టాను. ముందు మూత ఎడమ మూల విరిగి ఉంటుంది. పవర్ బటన్ పైన మూడు విభూతి గీతలు, మధ్యలో కుంకుమ బొట్టు. కరీంనగర్ బస్టాండు వెనక గల్లీలో నేను కంప్యూటర్లు బాగుచేసే షాపు పెట్టినప్పటి నుంచీ నా బల్ల మీదికి వస్తూ పోతూ ఉన్న డబ్బా అది. ఎప్పుడొచ్చినా దాని చుట్టూ తెల్ల తువ్వాల ఉండేది. ఇవాళ ఒట్టి డబ్బా, పైన దుమ్ము. దాన్ని తెచ్చే కాక అట్లా గడప దాటనిచ్చే మనిషి కాదు.

“వేములవాడ కాకది గదా గిది?” అన్నాను.

“ఔ అక్కా. మా పెద్దబాపు. మొన్న ఆదివారమే పోయిండు,” అన్నాడతను. కాకకు తమ్ముడి కొడుకట. “ఎల్లుండి దినాలు. ఫ్రేము కట్టిద్దామంటే ఇంట్ల ఒక్క ఫొటో లేదు. ఆధార్ కార్డు మీదిది పెద్దగ జేపిస్తే మనిషే గుర్తువడ్తలేడు. దీంట్ల ఏమన్న ఉంటదేమో జర సూడక్కా. దొరికితే ఇగ డబ్బాను పాత సామానుకు ఇచ్చేస్త.”

జీవితమంతా ఫొటోల మీద బతికిన ఇల్లు అది. ఆ ఇంట్లో ఒక్క ఫొటో లేదంటే వినేవాళ్లకు వింతగా ఉంటుంది. ఎందుకు లేదో నాకు తెలుసు. కూర్చోమని స్టూలు చూపించి, వైర్లు తగిలించడం మొదలుపెట్టాను. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. చెవుల్లో మాత్రం కాక గొంతే వినబడుతోంది. “గుంజకు బిడ్డా. నిమ్మలంగ. అది ఎటుబోతది?”

కాక మొదటిసారి వచ్చినప్పుడు అందరిలాగే, “మెకానిక్ లేడా బిడ్డా?” అని అడిగాడు. నేనే మెకానిక్‌నని చెప్పాను. ఆయన నా ముఖం చూడలేదు, నా చేతులు చూశాడు. స్క్రూడ్రైవర్ పట్టుకునే చోట కాయలు కాసి ఉన్నాయి. “ఐతే సరే,” అని కూర్చున్నాడు. ఆయన చేతులు నావాటికంటే ఘోరం, తాడు ఒరుసుకుపోయి అరచేతులు చెప్పు తోలులా ఉండేవి. ఆ తరవాత ఆయన ఉండగా ఎవరైనా వచ్చి “సారు ఎప్పుడొస్తడు?” అని నన్నడిగితే కాకే జవాబిచ్చేవాడు. “సారు రాడు. అసలు సారే లేడు. ఈమెకు జూపియ్యి.” ఆ మాట విన్నప్పుడల్లా నాకు పైకి నవ్వూ లోపల ధైర్యమూ వచ్చేవి.

వేములవాడ నుంచి బస్సులో వచ్చేవాడు. సీపీయూని తువ్వాలలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసి కూర్చునేవాడు. కింద పెట్టమని కండక్టర్ అంటే, “నువ్వు నీ టికెట్ల మిషన్ను కింద వెడ్తవా?” అని అడిగేవాడట. షాపుకొచ్చి తువ్వాల విప్పి, దాన్ని నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకుని, డబ్బా పక్క రేకు మీద అరచేయి ఆనించేవాడు. వేడి చూసేవాడు. పశువు డొక్క మీద చెయ్యి వేసి చూసే అలవాటు అది. కంప్యూటర్ మొదలవుతుంటే నాలుకతో టక్కు టక్కుమని అదిలించేవాడు. “దా, దా, దా.” నేను నవ్వితే, “నవ్వుతవేంది? ఇంటది,” అనేవాడు. నిజానికి కొన్నిసార్లు విన్నది కూడా.

ఇక ఆయన అసలు ఫికర్ ఒక్కటే. వోల్టేజీ. ఏ పని మీద వచ్చినా, ఫ్యాన్ మార్చాల్సి వచ్చినా, ప్రింటర్ పలకకపోయినా, చివరికి నేను మూత బిగించే ముందు ఆపేవాడు. “ర్యామ్‌కు ఎంత కరెంటు వోతుందో జర సదువు బిడ్డా.” కంప్యూటర్ లేచేటప్పుడు ఒక బటన్ నొక్కితే సెట్టింగుల తెర వస్తుంది. అందులో ర్యామ్ స్టిక్కులకు అందే వోల్టేజీ రాసి ఉంటుంది. దాన్ని నేను మనసులో చదివి సరిగ్గానే ఉందంటే కుదరదు. పైకి చదవాలి.

“ఒకటిన్నర, కాకా.”

“సాలు.”

ఆ తరం డెస్క్‌టాప్‌లలో ర్యామ్‌కి ఒకటిన్నర వోల్టే లెక్క. ఎవరైనా పాత కంప్యూటర్‌కి ర్యామ్ పెంచమని వస్తే నేనూ అదే చెప్తాను. ఆటల పిచ్చి ఉన్నవాళ్ల కోసం అమ్మే కొన్ని స్టిక్కుల మీద అంతకంటే ఎక్కువ రాసి ఉంటుంది. వేర్వేరు రకాల స్టిక్కులు కలిపి పెడితే ఒక్కోసారి మిషన్ మొరాయిస్తుంది. అప్పుడు వోల్టేజీ కాస్త పెంచేస్తే ఆ పూటకి లేచి కూర్చుంటుంది, గిరాకీ సంతోషంగా పోతాడు. కొన్ని నెలలకు ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే భాగం పాడైపోతుంది. అది ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు. కాకకు ఈ సంగతులేవీ తెలియవు. ఆయనకు తెలిసింది భయం ఒక్కటే. అదేదో ముసలితనపు చాదస్తమని చాలాకాలం అనుకున్నాను.

కాక బతుకుదెరువు కోడె ఫొటోలు. వేములవాడ గుళ్లో శివుడైన రాజన్నకు కోడెను కడతామని మొక్కుకున్నవాళ్లు కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగి కట్టేసి వస్తారు. పోయే ముందు కోడెతో ఇంటిల్లిపాదీ ఒక ఫొటో దిగాలి. పిల్లలకు గుండ్లు చేయించి ఉంటారు, ఒకరు ఏడుస్తుంటారు, ఒకరు కోడె తోక చూసి పారిపోతుంటారు. ఈ గోలలో కోడె తల విసరకుండా పట్టుకోవడం కాక పని. ఫొటో తీసేది కాకమ్మ, అంటే ఆయన భార్య, నాకు వరసకు సిన్నవ్వ. ఆమెను నేను ఒక్కసారే చూశాను. సన్నగా, పొట్టిగా, తలకంటే పెద్ద కొప్పుతో ఉండేది. ఎవరు నవ్వుతున్నారో ఎవరు కళ్లు మూశారో ఆమెకు తెలిసినంత తనకు తెలియదని కాకే చెప్పేవాడు.

ఇద్దరికీ రోజూ ఒకటే కొట్లాట. వాళ్లు నిలబడే సందు ఇరుకు. పొద్దుటి ఎండ ఆమె వీపు మీద పడేది. ఆమె నీడ పోయి ఫొటోలో పడేది.

“నీ నీడ వడ్డది, ఎనుకకు జరుగు,” అని కోడెను పట్టుకుని కాక అరిచేవాడు.

“ఎనుక గోడున్నది. గోడలకు జరగాల్నా?” అని ఆమె.

చివరికి ఆమె జరిగేదీ లేదు, నీడ పోయేదీ లేదు. కాక పక్కనే ఉన్న తమ గదిలోకి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని ఫొటో కింద నుంచి నీడను కోసేసేవాడు. ఒక పక్క నుంచి తనను కూడా కోసుకునేవాడు. మధ్యలో కుటుంబం, కోడె మిగిలేవి. అది ప్రింటు తీసి ఇచ్చేవాడు.

ఒక్కసారి మాత్రం వాళ్లు తావులు మార్చుకున్నారట. గిరాకీ లేని పూట, కెమెరా సరిగ్గా ఉందో లేదో చూడటానికి కాక కెమెరా పట్టుకున్నాడు, ఆమె కోడె తాడు పట్టుకుంది. ఆమెకు నవ్వాగలేదట. ఆ ఒక్కటీ ఆమె ఫొటో. ప్రింటు తీద్దామంటే, “నేను కండ్ల ముంగటనే ఉన్న గద, కాయిదమెందుకు దండుగ,” అంది. ఆ శివరాత్రి జాతరకు సందులో అందరూ లైట్లూ మైకులూ ఒకే తీగ మీద లాగారు. కరెంటు ఎగిరి పడింది. కంప్యూటర్ కాలింది. లోపలి డిస్కు మాడిపోయింది. దాంతో పాటు ఆ ఫొటో పోయింది. ఆ ఊళ్లో ఎవరో బాగుచేసే అతను డబ్బా విప్పి, ర్యామ్ స్టిక్ ఒకటి కాక చేతిలో పెట్టి, “గిదొక్కటి మిగిలింది, జాగ్రత్తగ వెట్టుకో,” అన్నాడట. కాక జాగ్రత్తగా పెట్టుకున్నాడు. సెకండ్‌హ్యాండ్‌లో ఈ సీపీయూ కొన్నాడు. మళ్లీ ఒక ఫొటో తీసుకుందామని ఇద్దరూ అనుకుంటూనే ఉన్నారు. కండ్ల ముంగటనే ఉన్నారు కదా, తొందరేముంది?

ఆమె పోయాక కాక ఒక్కడే కెమెరా మెడలో వేసుకుని నిలబడ్డాడు కొన్నాళ్లు. అప్పటికే అందరి చేతుల్లో ఫోన్లు. “వాళ్ల ఫొటోలు వాళ్లే దిగుతుండ్రు బిడ్డా. నన్ను జర కోడెను వట్టుకో కాకా అంటుండ్రు.”

“నువ్వేం జేస్తున్నవ్ మరి?”

“ఏం జేస్త? పడ్తున్న. పిల్లగాండ్లు కొమ్ము తాకిచ్చుకుంటరని భయం.”

ఆ రోజుల్లో కాక నా షాపుకు రావడం ఎక్కువైంది. సీపీయూకి పెద్ద రోగమేమీ ఉండేది కాదు. స్లో అయిందనేవాడు, చప్పుడొస్తున్నదనేవాడు. వచ్చి, సాసర్‌లో చాయ్ పోసుకుని తాగి, “ఎంతున్నదో సదువు బిడ్డా,” అని, “సాలు,” అని, తువ్వాల చుట్టుకుని పోయేవాడు. తోడు కోసం వస్తున్నాడనుకున్నాను. కొంతవరకు అదే. పూర్తిగా అదే కాదని ఒక వానాకాలం మధ్యాహ్నం తెలిసింది.

ఆ రోజు తువ్వాల విప్పిన తరవాత కాక బనీను జేబులో నుంచి ఇంకో చిన్న గుడ్డ మూట తీశాడు. రవిక గుడ్డ. దాన్ని మడత మీద మడత విప్పాడు. లోపల పాత ర్యామ్ స్టిక్.

“గీ మిషన్ నెమ్మదిగల్లదే గద బిడ్డా? ఇన్నొద్దుల సంది సూస్తున్న. ఒకటిన్నర దాటుతలేదు.”

“నెమ్మదిగల్లదే కాకా. ఏందది?”

“దీంట్ల మీ సిన్నవ్వ ఫొటో ఉన్నది. గిది దాంట్ల వెట్టి తీసియ్యి. ఎక్కువ కరెంటు వెట్టకు, మాడిపోతది.”

అప్పుడర్థమైంది, అన్నేళ్లూ ఆయన నా చేత అంకె ఎందుకు చదివించుకున్నాడో. ఆ మిషన్ను నమ్మవచ్చా లేదా అని చూస్తూ వచ్చాడు. ఇన్నాళ్లూ ఎందుకు తేలేదు కాకా అని అడిగితే, “వెట్టి సూసినంక లేదనుకో, అప్పుడెట్ల?” అన్నాడు.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. నిజం చెబితే ఏమవుతాడో అని భయం. పెట్టి చూసి పాడైపోయిందంటే ఒక మాటతో పోయేది, కానీ ఆయన దాన్ని తానే పాడుచేశానని చచ్చేదాకా ఏడుస్తాడు.

“కాకా, ర్యామ్‌ల ఫొటోలుండయి. ఇది సామాను పరుసుకునే బల్ల అసొంటిది. పని జేస్తున్నంతసేపే దీని మీద అన్ని ఉంటయి. కరెంటు వోంగనే బల్ల ఖాళీ. సిన్నవ్వ ఫొటో ఆ కాలిపోయిన డిస్కుల ఉండె. అది అప్పుడే పోయింది.”

బయట వాన పడుతోంది. స్టిక్‌ను కాక అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఐతే ఇన్నేండ్లు నేను కావలి గాసింది ఖాళీ బల్లకా?”

నేను చాయ్ సాసర్ ఆయన ముందుకు జరిపాను.

కాసేపటికి ఆయనే స్టిక్‌ను నా ముందుకు జరిపాడు. “సరే తియ్యి. ఉత్తగ మూటల ఎందుకు? మిగిలిందన్నడు గద. పని జెయ్యనియ్యి.”

మిషన్‌లో ఖాళీ స్లాటు ఉంది. పెట్టాను. లేచింది గానీ నిమిషంలోనే బిగుసుకుపోయింది. అందులో ముందు నుంచి ఉన్న స్టిక్కులు వేగంగా నడిచేవి, ఇది పాతది, నెమ్మదిది. మళ్లీ పెట్టాను, మళ్లీ అంతే.

“కాకా, వోల్టేజీ జర పెంచితే ఇప్పటికిప్పుడు నిలవడ్తది. గని అది మంచిది గాదు. లేకుంటే అన్నిటి స్పీడు తగ్గియ్యాలె. పాతదాని నడకకు అన్ని దిగాలె.”

“తగ్గియ్యి. ముసలి కోడెకు దమ్ము రాకుంటే మనం ఆగుతం గని దాన్ని పొడుస్తమా?”

లోపల ఏమీ లేదని తెలిశాక కూడా ఆయన దాన్ని మాడనివ్వలేదు. స్పీడు తగ్గించాను. వోల్టేజీ ఉన్నచోటనే ఉంచాను. మిషన్ నిలబడింది. ఇక నిలకడ చూడాలి. ర్యామ్ కొత్తగా పెట్టాక దాని మీద బరువు వేసి చూడనిదే నేను మూత బిగించను. ఆ కంప్యూటర్‌లో అన్నిటికంటే బరువైనదేమిటని వెతికితే ఒక ఫోల్డర్ కనబడింది. కెమెరాలో నుంచి రోజూ దింపుకున్న ఫొటోలన్నీ, కొయ్యక ముందువి, అందులోనే పడి ఉన్నాయి. కాక ఏ రోజు కారోజువి తీసి, కోసి, ప్రింటు వేసేవాడు. పాతవాటి వైపు పోయేవాడు కాదు. “గది తెరిస్తే సస్తది బిడ్డా, ముట్టకు,” అన్నాడు. అందుకే ముట్టాను.

ఈసారి చావలేదు. ఫొటోలు ఒకటొకటిగా తెర మీదికి వచ్చాయి, వరస తరవాత వరస. గుండ్లు, పసుపు చీరలు, కోడెలు. నేను చూస్తున్నది మిషన్ ఆగుతుందా నడుస్తుందా అని. కాక ఏం చూస్తున్నాడో నేను గమనించలేదు. కుర్చీ చప్పుడైతే తల తిప్పాను. ఆయన లేచి తెర దాకా వచ్చి నిలబడ్డాడు.

“గిది కొప్పు,” అన్నాడు.

ఫొటో కింది భాగంలో, కుటుంబం కాళ్ల ముందు, నేల మీద పొడుగ్గా నల్లటి నీడ. పైన గుండ్రంగా కొప్పు. కెమెరా పట్టుకుని పైకి లేపిన రెండు మోచేతులు.

“గట్లనే లేపేది మోచేతులు. దించుమంటే దించకపోయేది.” ఆయన వేలు తెరకు ఆనకుండా ఆ నీడ చుట్టూ తిరిగింది. “ఇంకోటి తియ్యి.”

ఇంకోటి తీశాను. అందులోనూ ఉంది. అన్నిట్లోనూ ఉంది. ఎండ ముదిరిన రోజున కొంగు తల మీద వేసుకున్న నీడ, చలికాలంలో శాలువా కప్పుకున్న నీడ. తీస్తూ పోతే చివరి ఫొటోల్లో నీడ సగమైంది. అదే సందు, అదే పొద్దు, నీడ మాత్రం పొట్టి. ఎందుకని అడగబోయి ఆగాను. కాకే చెప్పాడు.

“అప్పటికి నిలవడనీకి శాతగాలే. స్టూలు మీద కూసుండి తీసేది.” తెర మీద నుంచి వేలు దించాడు. “అన్నిట్ల నేనే గోసేసిన గద బిడ్డా. రోజు గోసేసిన.”

ఆయన ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. షాపులోకి ఎవరో వచ్చి, మా ఇద్దర్నీ చూసి, ఏమనుకున్నారో ఏమో వెళ్లిపోయారు. వాన తగ్గాక కాక ముఖం తుడుచుకుని, ఆ తువ్వాలతోనే డబ్బాను తుడిచాడు. “ఎంతున్నదో సదువు బిడ్డా.”

“ఒకటిన్నర, కాకా.”

“సాలు. గట్లనే ఉండనియ్యి.”

ఆ తరవాత కాక ఎక్కువగా రాలేదు. మిషన్ నడుస్తోందని ఫోన్ చేసి చెప్పేవాడు. ఫొటోలు ప్రింటు తియ్యమంటావా అని అడిగితే వద్దన్నాడు. పొద్దున చాయ్ తాగుతూ కంప్యూటర్‌లోనే చూసుకుంటున్నాడట.

“ఆఖర్ల ఇక్కడి దవాఖానల్నే ఉన్నడక్కా,” అన్నాడు కాక తమ్ముడి కొడుకు, నేను మానిటర్ ఆన్ చేస్తుంటే. “మంచం పక్కన మిషన్ ఉంటది గదా, గా నర్సమ్మను దాంట్ల ఏమున్నదో సదువుమనెటోడు. ఆమె సదివితే సాలు అనెటోడు. ఆమె ఏం సదివినా సాలు అనెటోడు. మాకేం సమజ్ కాకపోయేది.”

నేను ఆ ఫోల్డర్ తెరిచాను. వరసలు వరసలుగా ఫొటోలు వచ్చాయి. ఆ రోజు మేమిద్దరం నీడనే చూశాం. ఇవాళ పక్కకు చూశాను. ప్రతి ఫొటోలో ఒక అంచున కాక ఉన్నాడు. ఒక చెయ్యి తాడు మీద, ఒక చెయ్యి కోడె నుదుటి మీద. కుటుంబాలన్నీ కెమెరా వైపు చూస్తున్నాయి. కాక కెమెరా వైపు కాదు, దాని వెనకున్న మనిషి వైపు చూస్తున్నాడు. సగం నోరు తెరిచి ఉంది. కోపమో నవ్వో తెలియని ముఖం. ఆ నోట్లో ఏ మాట ఉందో నాకు తెలుసు. ఎనుకకు జరుగు.

వాటిలో ఒకటి దొరికింది. కాక తలా భుజాలూ నిండుగా పడ్డాయి. ఆమె నీడ కొంచెం వాలి పడి, కొప్పు సరిగ్గా కాక పాదాల మీదికి వచ్చింది.

“గిదే గిదే! పెద్దబాపు మంచిగ వడ్డడు,” అని అతను లేచి నిలబడ్డాడు. “పక్కపొంటి వాళ్లను తీసెయ్యక్కా. కింద నీడ వడ్డది, గది గూడ గోసెయ్యి.”

“వాళ్లను తీస్త. నీడ ఉండాలె.”

“దినాలకు పెట్టే ఫొటో గద, నీడెందుకక్కా? ఎవరిదది?”

“మీ పెద్దవ్వది.”

అతను తెర మీదికి వంగాడు. నేనేమీ చూపించలేదు. కొప్పును అతనే గుర్తుపట్టాడు. నిటారుగా నిలబడి, తల అటు తిప్పుకుని, “ఐతే ఇద్దరిది గలిపే తియ్యి,” అన్నాడు.

ప్రింటు తీసి కవర్లో పెట్టి ఇచ్చాను. మూత బిగించే ముందు కంప్యూటర్‌ని మళ్లీ లేపి సెట్టింగుల తెరకు పోయాను. చదవమని అడిగేవాళ్లు లేరు. అయినా పైకే చదివాను.

“ఒకటిన్నర.”

అతను నా వైపు ఒక క్షణం చూశాడు. సీపీయూని చంకలోకి ఎత్తుకోబోయి, ఆగి, మళ్లీ బల్ల మీద పెట్టాడు. పాత సామాను మాట ఎత్తలేదు.

“అక్కా, తువ్వాల ఏమన్న ఉన్నదా?”